రేసు ఇస్తే బండి ఆగిపోతోందా?.. భాగాలు మార్చే ముందు కారణం పట్టుకోవాలి

* పాత వాహనాలకు గాలి, పెట్రోలు, కరెంటు తనిఖీ
* ఖర్చు లేని పరీక్షలతో మొదలుపెడితే మేలు

మట్టెవాడ (వరంగల్‌): స్టార్టు చేస్తే ఇంజిను సాఫీగానే తిరుగుతుంది. గేరు వేసి యాక్సిలరేటర్‌ తొక్కగానే రెండు జర్కులిచ్చి ఆగిపోతుంది. మళ్లీ తాళం తిప్పితే ఏమీ జరగనట్టే అందుకుంటుంది. పాత కార్లు, వ్యాన్లు, ద్విచక్ర వాహనాలు నడిపేవారికి ఇది తెలిసిన ఇబ్బందే. వరంగల్‌ చౌరస్తాలోనో, పోచమ్మమైదాన్‌ కూడలిలోనో సిగ్నల్‌ పడిన క్షణంలో బండి ఇలా మొరాయిస్తే వెనుక హారన్లు మోగుతాయి. అదే హైదరాబాద్‌ దారిలో లారీని దాటే సమయంలో జరిగితే ప్రాణం మీదకే వస్తుంది.

జిల్లాలో పాత వాహనాలను గుర్తించడం సులభం. ఉమ్మడి రాష్ట్రంలో వరంగల్‌ జిల్లాకు కేటాయించిన ఏపీ 36 నంబరుతో తిరుగుతున్నవన్నీ 2014 జూన్‌ 2న తెలంగాణ ఏర్పడక ముందు రిజిస్టరైనవే. అంటే కనీసం పదేళ్లు దాటినవే. వీటిలో చాలా వరకు అద్దెకు తిరిగేవో, సరుకు మోసేవో, చిరుద్యోగులు, చిన్న వ్యాపారుల ఇళ్లలో ఉన్నవో. బండి ఒక రోజు ఆగితే ఆ రోజు సంపాదన ఆగుతుంది. అందుకే యజమానులు తొందరపడతారు. కారణం తెలియకుండానే ఒకసారి ప్లగ్గులు, మరోసారి పెట్రోలు పంపు, చివరకు కార్బ్యురేటర్‌ మార్పిస్తారు. డబ్బు ఖర్చవుతుంది. లోపం మాత్రం అలాగే ఉంటుంది. వరుస తప్పకుండా వెతికితే చాలా సందర్భాల్లో చీలిన రబ్బరు గొట్టమో, మూసుకుపోయిన ఫిల్టరో దొరుకుతుంది.

తొక్కినప్పుడే ఎందుకు ఆగుతుంది?

పెట్రోలు ఇంజిను తిరగడానికి మూడు కావాలి. తగినంత గాలి, దానికి తగిన పెట్రోలు, సరైన సమయంలో ప్లగ్గు వద్ద కరెంటు. 1 కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి అవసరం. ఖాళీగా తిరుగుతున్నప్పుడు ఇంజినుకు ఈ మూడూ కొద్దిగా అందినా సరిపోతాయి. అందువల్ల చిన్న లోపాలు బయటపడవు.

యాక్సిలరేటర్‌ తొక్కగానే కార్బ్యురేటర్‌లోని పలక తెరుచుకొని గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకువస్తుంది. పెట్రోలు గాలి కంటే బరువైనది కనుక అంత వేగంగా కదలలేదు. ఈ లోటు తీర్చడానికే కార్ల కార్బ్యురేటర్‌లో యాక్సిలరేటర్‌ పంపు అనే చిన్న భాగం ఉంటుంది. పెడల్‌ తొక్కినప్పుడు అది సన్నని ధారగా అదనపు పెట్రోలును చిమ్ముతుంది. ఆ ధార రాకపోతే గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువై ఇంజిను ఆగిపోతుంది. ఇదే సమయంలో సిలిండర్‌లో ఒత్తిడి కూడా పెరుగుతుంది. ఒత్తిడి పెరిగినకొద్దీ ప్లగ్గు మొనల మధ్య కరెంటు దూకడం కష్టమవుతుంది. బలహీనపడిన కాయిల్‌ ఖాళీగా తిరిగేటప్పుడు నెట్టుకొచ్చినా, భారం పడగానే చేతులెత్తేస్తుంది.

ముందు లక్షణం గమనించాలి

పానా పట్టేముందు లోపం ఎప్పుడు, ఎలా వస్తున్నదో చూడాలి. లైటు ఆర్పినట్టు ఒక్కసారిగా ఆగితే కరెంటు వైపు అనుమానించాలి. జర్కులిస్తూ, శక్తి తగ్గుతూ ఆగితే ఇంధనం వైపు చూడాలి. నెమ్మదిగా తొక్కితే వెళ్లి, గట్టిగా తొక్కితేనే ఆగితే యాక్సిలరేటర్‌ పంపును ముందుగా పరీక్షించాలి. వంతెన ఎక్కేటప్పుడో, ఎక్కువ వేగంలోనో కొంతసేపటికి శక్తి తగ్గిపోతే ఫిల్టర్‌, పంపు తగినంత పెట్రోలు అందించడం లేదని భావించాలి. ఇంజిను వేడెక్కిన తర్వాతే ఆగి, చల్లారాక మళ్లీ స్టార్టయితే కాయిల్‌ను, పెట్రోలు గొట్టాలు వేడెక్కే చోటును చూడాలి. వర్షం రోజునే వస్తే ప్లగ్గు వైర్లు, డిస్ట్రిబ్యూటర్‌ మూత అనుమానితులు.

గ్యాస్‌ కిట్‌ అమర్చిన పాత కార్లు, వ్యాన్లు ఉన్నవారికి మరో సౌకర్యం ఉంది. గ్యాస్‌ మీద బాగా నడిచి పెట్రోలు మీదే ఆగితే ప్లగ్గులు, కాయిల్‌ దాదాపుగా సరిగానే ఉన్నట్టు. లోపం పెట్రోలు దారిలో ఉంది. రెండింటి మీదా ఆగితే కరెంటునో, గాలినో పరిశీలించాలి. పైసా ఖర్చు లేకుండా సగం అనుమానాలు దీంతోనే తొలగుతాయి.

గాలి దారి

ఎయిర్‌ ఫిల్టర్‌ను విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. వెలుతురు కనిపించనంతగా దుమ్ము పట్టి ఉంటే మార్చాలి. పత్తి, మిర్చి బస్తాలతో ఎనుమాముల మార్కెట్‌కు తిరిగే బండ్లకు, మట్టి రోడ్ల మీద నడిచే బండ్లకు కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే ఇది మూసుకుపోతుంది.

ఆ తర్వాత కార్బ్యురేటర్‌ నుంచి, మ్యానిఫోల్డ్‌ నుంచి వెళ్లే సన్నని రబ్బరు గొట్టాలను చేతితో తడిమి చూడాలి. ఏళ్ల తరబడి వేడికి గురైన రబ్బరు గట్టిపడి చీలుతుంది. ఆ చీలిక గుండా లెక్కకు మించిన గాలి లోపలికి వెళ్తుంది. ఇంజిను తిరుగుతున్నప్పుడు బుస్సుమనే శబ్దం వినిపించడం దీనికి గుర్తు. అనుమానం ఉన్న గొట్టాన్ని నొక్కిపట్టినప్పుడు ఇంజిను శబ్దం మారి నిలకడగా తిరిగితే లోపం దొరికినట్టే. తిరుగుతున్న ఫ్యాన్‌కు, బెల్టుకు చేతులు, దుస్తులు తగలకుండా చూసుకోవాలి. ఈ గొట్టాల్లో ఒకటి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్తుంది. ఇంజిను మీద పడే భారానికి తగినట్టు కరెంటు సమయాన్ని ముందుకు, వెనక్కు జరిపేది అదే. అది చీలినా, దాని చివరి డయాఫ్రం చిరిగినా పికప్‌ పడిపోతుంది.

పెట్రోలు దారి

తనిఖీని ట్యాంకు మూత నుంచే ప్రారంభించాలి. పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ ట్యాంకులోకి గాలి వెళ్లాలి. ఆ దారి దుమ్ముతో మూసుకుపోతే కొంతదూరం వెళ్లాక పెట్రోలు రావడం ఆగిపోతుంది. పాత ద్విచక్ర వాహనాల్లో ఇది తరచూ కనిపిస్తుంది. బండి ఆగినప్పుడు మూత తెరిస్తే గాలి లోపలికి పీల్చిన శబ్దం వచ్చి, ఆ వెంటనే బండి స్టార్టయితే మూతలోనే లోపం.

తర్వాతది ఫిల్టర్‌. పాత ట్యాంకుల్లో తుప్పు, అడుగున నీరు చేరడం సహజం. ట్యాంకును ఎప్పుడూ అడుగంటే వరకు వాడేవారి బండ్లలో ఆ మడ్డి అంతా ఫిల్టర్‌కు వస్తుంది. ఫిల్టర్‌ గోధుమ రంగుకు మారితే ఆలోచించకుండా మార్చాలి. ఇది తక్కువ ఖర్చుతో పోయే పని.

యాక్సిలరేటర్‌ పంపును చూడటానికి ఇంజిను పూర్తిగా ఆపి, చల్లారనివ్వాలి. ఎయిర్‌ ఫిల్టర్‌ మూత తీసి కార్బ్యురేటర్‌ గొంతులోకి పక్కనుంచి చూస్తూ మరొకరితో యాక్సిలరేటర్‌ తొక్కించాలి. తొక్కిన వెంటనే పెట్రోలు ధార కనిపించాలి. ధార రాకపోయినా, ఆలస్యంగా బొట్లుబొట్లుగా వచ్చినా పంపు డయాఫ్రం చిరిగిందనో, జెట్‌లో చెత్త ఇరుక్కుందనో అర్థం. ఫ్లోట్‌ గిన్నెలో పెట్రోలు లేకపోయినా ధార రాదు కనుక గిన్నెలో పెట్రోలు ఉన్నప్పుడే ఈ పరీక్ష చేయాలి. దగ్గరలో బీడీ, సిగరెట్‌, వెలిగే దీపం ఉండరాదు. పెట్రోలు గొట్టం విప్పి పంపు ధారను కొలిచే పని మాత్రం మెకానిక్‌కే వదిలిపెట్టాలి. వేడి సైలెన్సర్‌ మీద పెట్రోలు పడితే బండి తగలబడే ప్రమాదం ఉంది.

మోటారుసైకిళ్ల కార్బ్యురేటర్లలో చాలా వాటికి ఇలాంటి పంపు ఉండదు. కొన్నింటిలో పిస్టన్‌ను పైకి లేపే పలుచని రబ్బరు డయాఫ్రం ఉంటుంది. దానికి సూదిబెజ్జమంత చిల్లు పడినా బండి ఖాళీగా బాగానే తిరుగుతుంది, రేసు ఇస్తే మాత్రం అందుకోదు.

వేసవిలో మరో చిక్కు ఉంటుంది. ఎండ 40 డిగ్రీలు దాటిన రోజుల్లో ఇంజిను పక్కగా వెళ్లే గొట్టంలో పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. పంపు ఆ ఆవిరిని లాగలేదు. బండిని నీడలో ఆపి బానెట్‌ ఎత్తి ఉంచితే కాసేపటికి సర్దుకుంటుంది. గొట్టం వేడి భాగాలకు దగ్గరగా జరిగిందేమో చూసి, దూరంగా బిగించడమే శాశ్వత పరిష్కారం.

కరెంటు దారి

ప్లగ్గును విప్పి దాని మొన రంగు చూస్తే ఇంజిను ఆరోగ్యం తెలుస్తుంది. లేత గోధుమ రంగు మంచిది. పొడి మసితో నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోందని, తెల్లగా పాలిపోతే తక్కువవుతోందని, జిడ్డుగా తడిసి ఉంటే ఆయిల్‌ పైకి వస్తోందని గ్రహించాలి. మొనల మధ్య ఎడం వాహనం పుస్తకంలో ఇచ్చిన కొలత ప్రకారం ఉండాలి. వాడేకొద్దీ అది పెరుగుతుంది.

రాత్రివేళ బానెట్‌ ఎత్తి ఇంజిను స్టార్టు చేస్తే పాడైన ప్లగ్గు వైర్ల వెంట నీలిరంగు మెరుపులు కనిపిస్తాయి. ఆ సమయంలో వైర్లను ముట్టుకోరాదు. కాంటాక్ట్‌ పాయింట్లు ఉన్న పాత అంబాసిడర్లు, తొలినాళ్ల కార్లలో పాయింట్లు కాలిపోవడం, కండెన్సర్‌ బలహీనపడటం కూడా కారణాలే. బ్యాటరీ తీగల బిగింపు, ఇంజినుకు బాడీకి మధ్య ఉండే ఎర్త్‌ తీగ కూడా చూడాలి. రేసు ఇచ్చినప్పుడు ఇంజిను కాస్త ఊగుతుంది. తెగిపోవడానికి సిద్ధంగా ఉన్న తీగ సరిగ్గా అప్పుడే విడిపోతుంది.

ఇంజెక్షన్‌ బండ్లలో

కార్బ్యురేటర్‌కు బదులు ఇంజెక్టర్లు ఉన్న కార్లలో పెట్రోలు మోతాదును కంప్యూటర్‌ నిర్ణయిస్తుంది. పెడల్‌ ఎంత తొక్కారో చెప్పే థ్రాటిల్‌ సెన్సర్‌, గాలిని కొలిచే సెన్సర్‌, ఇంజిను తిరిగే తీరును చెప్పే క్రాంక్‌ సెన్సర్‌ తప్పుడు సమాచారం ఇస్తే ఇవే లక్షణాలు కనిపిస్తాయి. పెడల్‌ను మెల్లగా తొక్కుతూ పోతే థ్రాటిల్‌ సెన్సర్‌ వోల్టేజి ఎక్కడా తెగకుండా పెరగాలి. మధ్యలో ఒక్కసారి పడిపోతే అక్కడే అరుగుదల ఉంది. ఇంజిను లైటు వెలిగితే స్కానర్‌ పెట్టించాలి. అయితే స్కానర్‌ చూపిన సెన్సర్‌నే వెంటనే మార్చడం సరికాదు. దాని తీగ, కనెక్టర్‌ చూడాలి. పెట్రోలు ఒత్తిడి తగ్గినా, గాలి లీకైనా సెన్సర్‌దే తప్పన్నట్టు చూపే అవకాశం ఉంది.

గాలి, పెట్రోలు, కరెంటు మూడూ సరిగా ఉండి కూడా బండి అందుకోకపోతే సైలెన్సర్‌ చూడాలి. పొగ బయటకు పోకపోతే కొత్త గాలి లోపలికి రాదు. లోపలి జల్లెడ విరిగినా, క్యాటలిటిక్‌ కన్వర్టర్‌ మూసుకుపోయినా ఇదే జరుగుతుంది.

ఇథనాల్‌తో జాగ్రత్త

పెట్రోలులో 20 శాతం ఇథనాల్‌ కలపాలన్న లక్ష్యాన్ని కేంద్ర ప్రభుత్వం తొలుత 2030కి నిర్ణయించి, తర్వాత 2025కు ముందుకు జరిపింది. ఈ ఇంధనాన్ని తట్టుకొనే భాగాలతో కార్లు రావడం 2023 ఏప్రిల్‌ నుంచి మొదలైంది. అంతకుముందు తయారైన పాత బండ్లలోని రబ్బరు గొట్టాలు, డయాఫ్రంలు దీనివల్ల ఉబ్బడానికి, పెళుసుబారడానికి అవకాశం ఉంది. ట్యాంకు అడుగున పేరుకొన్న మడ్డిని ఇథనాల్‌ కదిలించి ఫిల్టర్‌కు చేరుస్తుంది. తేమను కూడా పీల్చుకుంటుంది. ఇథనాల్‌లో కొంత ఆక్సిజన్‌ ఉండటంతో, శుద్ధ పెట్రోలుకు తగినట్టు జెట్లు అమర్చిన కార్బ్యురేటర్‌లో మిశ్రమం పలుచబడుతుంది. పికప్‌లో తడబాటుకు ఇదీ ఒక కారణం. బండిని నెలల తరబడి కదల్చకుండా ఉంచరాదు. గొట్టాలు మార్చినప్పుడు ఇథనాల్‌ను తట్టుకొనే రకమే అడిగి తీసుకోవాలి.

డీజిల్‌ బండ్లకు ప్లగ్గు కరెంటు సమస్య ఉండదు. అక్కడ ఫిల్టర్‌లో నీరు, గొట్టాల్లో ఎయిర్‌లాక్‌, పంపు బలహీనత ప్రధాన కారణాలు. నల్లటి పొగతో ఆగితే గాలి చాలడం లేదని, పొగే లేకుండా ఆగితే డీజిల్‌ అందడం లేదని ప్రాథమికంగా భావించవచ్చు.

రోడ్డు మీద ఆగితే..

కదులుతుండగా ఇంజిను ఆగితే క్లచ్‌ నొక్కి, నాలుగు ఇండికేటర్లు వేసి బండిని ఎడమ పక్కకు తీసుకోవాలి. పవర్‌ బ్రేకులున్న కార్లలో ఇంజిను ఆగాక ఒకటి రెండుసార్లు మాత్రమే బ్రేకు తేలిగ్గా పడుతుంది. ఆపై బలంగా తొక్కాలి. కాబట్టి పదేపదే కొట్టకుండా ఒకే ఒత్తిడితో తొక్కి పట్టాలి. పవర్‌ స్టీరింగ్‌ కూడా బరువెక్కుతుంది. కంగారులో తాళాన్ని పూర్తిగా వెనక్కు తిప్పి బయటకు తీస్తే స్టీరింగ్‌ లాక్‌ పడే ప్రమాదం ఉంది. లోపం తేలేవరకు ఓవర్‌టేక్‌ చేయడం, రాత్రి ప్రయాణం మానుకోవాలి.

షెడ్డుకు వెళ్లే ముందు

* లోపం వచ్చిన సమయం, వేగం, ఇంజిను వేడి, ట్యాంకులో పెట్రోలు ఎంత ఉందో కాగితం మీద రాసుకోవాలి. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకొని ఒకసారి నడిపి చూపించాలి.
* ఒకసారి ఒక్క భాగమే మార్పించాలి. మూడు కలిపి మారిస్తే ఏది కారణమో తెలియదు.
* తీసిన పాత భాగాన్ని అడిగి తీసుకోవాలి. డయాఫ్రం చిరిగిందో లేదో కంటితోనే చూడవచ్చు.
* స్లోస్పీడ్‌ స్క్రూ బిగించి పంపిస్తే ఒప్పుకోరాదు. ఖాళీగా తిరిగే వేగం పెరిగి లోపం కొన్నాళ్లు దాగుతుంది, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. అసలు కారణం అలాగే ఉండి నడిరోడ్డు మీద మళ్లీ ఎదురవుతుంది.
* సొంత వాహనాలకు రిజిస్ట్రేషన్‌ గడువు 15 ఏళ్లు. ఆపై తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. గడువు దగ్గరపడిన బండికి పెద్ద మరమ్మతు చేయించే ముందు ఈ ఖర్చునూ లెక్కలోకి తీసుకోవాలి.