ఆవలి యొడ్డున నున్న తరగతి

వరదల దినములలో మన పాఠశాలయందు జరుగు పాఠములను గుఱించి తల్లిదండ్రులు మమ్ము రెండు విధములుగా ప్రశ్నించుచున్నారు. ఫోనులో పాఠము వినుచుండగా తమ పిల్లలు వెనుకబడుట యెట్లని లంకలలోనివారు అడుగుచున్నారు. తమ పిల్లలు బడికి వచ్చి యెదుట కూర్చుండగా ఉపాధ్యాయుడు మాటిమాటికి ఫోనుతో మాటలాడుట యేలయని యిచ్చటివారు అడుగుచున్నారు. ఒకే యుపాధ్యాయుడు ఒకే సమయమున ఎదుట నున్నవారికిని దూరమున నున్నవారికిని పాఠము చెప్పుట యెట్టి పనియో తెలిసినచో ఈ రెండు ప్రశ్నలకును సమాధానము దొరకును. కావున ఆ పనిని గుఱించి కొంత వివరింప దలచితిమి.

ఈ విధానమును మనము కోరి తెచ్చుకొనలేదు. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణమున బడులు మూయబడెను. పదవ తరగతివారికై దూరదర్శన్ సప్తగిరిలో పాఠములు ప్రసారమయ్యెను. ఆ సంవత్సరము నవంబరు 2వ తేదీని 9, 10 తరగతులు దినము విడిచి దినము తెఱువబడినప్పుడు సగముమంది బల్లలమీదను, సగముమంది యిండ్లలోను ఉండిరి. ఒక్క పాఠమునే రెండు దినములు చెప్పుటయా, ఇంట నున్నవారికి ఫోనుద్వారా అప్పుడే వినిపించుటయా యను సమస్య అప్పుడు పుట్టినది. వ్యాధి తగ్గినది, బడులు నిండినవి. అయినను కోనసీమకు వచ్చు వరద ఆ సమస్యను మఱల మన ముంగిట నిలుపుచున్నది. 2022 జూలైలో ధవళేశ్వరము ఆనకట్టయొద్ద 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సాగిన దినములను చదువరులు మఱచియుండరు. అంతటి వరదయే రానక్కఱలేదు. పాయలో నీరు పెరిగి బూరుగులంక రేవున తాత్కాలికపు బాట తెగినప్పుడెల్ల ఊడిమూడిలంక, జి. పెదపూడిలంక, అరిగెలవారిపేట జనులకు పడవయే గతియగుచు వచ్చినది. పెద్దలు పడవ యెక్కుదురు. పిల్లలను ఎక్కించుటకు ఏ తల్లికి ధైర్యము చాలును?

మొదట మేము చేసిన పొరపాటును దాచక చెప్పుచున్నాము. ఒక వర్షాకాలమున ఏడవ తరగతికి పూర్ణసంఖ్యలు చెప్పుచు, ఫోనును బల్లమీద పుస్తకములకు ఆనించి నిలిపి, నల్లబల్లవైపు తిరిగి నలువది నిమిషములు పాఠము సాగించితిమి. తుదిని ఫోనువైపు వంగి, అర్థమైనదా యని యడుగగా ఆవలనుండి ఒక బాలిక, "ఆయ్, అర్థమైందండి" అని మర్యాదగా బదులు చెప్పినది. మేము సంతోషించితిమి. నీరు తీసి ఆమె బడికి వచ్చిన దినమున పుస్తకము చూడగా, పండ్రెండు లెక్కలు ముత్యములవంటి యక్షరములతో చేసియున్నవి, పండ్రెండును తప్పు. సుద్దముక్కతో సన్నగా గీచిన ఋణగుర్తు ఫోనులో ఆమెకు కనబడలేదు. అందుచేత ప్రతి ఋణసంఖ్యను ధనసంఖ్యగా వ్రాసికొని, ఏమాత్రము అనుమానింపక కూడుచు పోయినది. నడుమ మాటయు తెగిపోయినదట. మఱి యేల చెప్పలేదని యడిగితిమి. మాస్టారు చెప్పుచుండగా అడ్డుపడరాదని యూరకుంటినని చెప్పినది. మేము నేర్పిన మర్యాదయే ఆమె చదువునకు అడ్డు వచ్చినది.

ఎదుట నున్న పిల్లవానికి అర్థము కానిచో ముఖము చెప్పును. కనుబొమ్మలు ముడిపడును, పెన్సిలు ఆగును, ప్రక్కవాని పుస్తకములోనికి తొంగి చూచును. ఉపాధ్యాయుడు వానిని చూచి, తనకు తెలియకయే పాఠమును మఱల చెప్పును. ఆవలి యొడ్డున నున్నవానికి ఈ సాక్ష్య మేదియు లేదు. పైగా అతని మాట మనకు చేరుటకు కొంత ఆలస్యము పట్టును. ఆ లోపల ముందువరుసవారు జవాబు చెప్పివేయుదురు. ఇట్లు రెండు మూడు సారులు జరిగిన పిమ్మట అతడు నోరు మెదపుట మానును. అప్పటినుండి అతడు విద్యార్థి కాడు, ప్రేక్షకుడు.

ఇది గ్రహించిన పిదప మా పద్ధతిని మార్చుకొంటిమి. ఇప్పుడు ఫోను మా బల్లమీద గాక ముందువరుసయొద్ద ఒక ముక్కాలిపీటమీద నుండును. దానిప్రక్క కూర్చుండు బాలుడు ఆవలివారి తరఫున చేయి యెత్తును. బల్లమీద వ్రాసిన ప్రతి గుర్తును నోటితో పలుకుచున్నాము. పది నిమిషముల కొకమాఱు, మొదటి ప్రశ్న దూరమున నున్నవారికే వేసి, మనసులో అయిదు లెక్కించువరకు ఎవరిని పలుకనీయము. ఆ నిశ్శబ్దమే యిచ్చటి తల్లిదండ్రులకు కాలహరణముగా తోచుచున్నది. ఆ వ్యవధిలో ఎదుటి పిల్లలును తమ జవాబు పలకమీద వ్రాసికొందురు. మునుపు ఒక్కడు అఱచిన జవాబును ముప్పదిమంది విని యూరకుండెడివారు. ఇప్పుడు ముప్పదిమందియు ఆలోచింపవలసివచ్చినది. గదిలో రెండవ ఫోను తెఱచి యుంచరాదు. ఒకదాని ధ్వని రెండవదానిలో దూరి గోల పుట్టించును. సిగ్నలు బలహీనమైనప్పుడు వీడియో నాపి మాట మాత్రము వినిపించి, బల్ల ఛాయాచిత్రమును తరువాత పంపుట మేలు. డేటాఖర్చు కూడ తగ్గును.

దూరపు బిడ్డ మాట వినవలెనను సంగతి ఇతరులును అనుభవముచేతనే నేర్చిరి. ఆస్ట్రేలియాదేశపు ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణమున 1951లో స్కూల్ ఆఫ్ ది ఎయిర్ అను పాఠశాల ప్రారంభమైనది. విమానములలో తిరుగు వైద్యులకై ఏర్పఱచిన రేడియోలమీదనే, పల్లె కూడ లేని పశువుల మేతభూములలోని పిల్లలకు పాఠములు చెప్పిరి. మొదట అవి వినుటకు మాత్రమే. కొలదికాలములోనే ప్రతి పాఠము తుదిని ప్రశ్నోత్తరములను చేర్చిరి. మన దేశమున 1975 ఆగష్టు మొదలు 1976 జూలై వరకు ఉపగ్రహముద్వారా ఆంధ్రప్రదేశముతో సహా ఆఱు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు అందినవి. ఎంతో గొప్ప ప్రయత్నము. అయినను చూచు బాలుడు తెఱను తిరిగి ప్రశ్నింప వీలులేకపోయెను. ఇప్పుడు మన చేతిలోని సాధనమునకు ఆ వీలు కలదు. దానిని వాడుకొనక ఉపన్యసించుట కేవలము మా సోమరితనమే యగును.

ఇంత చెప్పియు, ఈ విధానము బడికి బదులని మేము తలంచుట లేదు. ప్రయోగశాలలో చేయవలసిన పని ఫోనులో చేయరాదు. చిన్న తరగతుల వ్రాత చేయి పట్టి దిద్దింపవలసినదే. వరదకును వ్యాధికిని దీనిని ఉంచవలెను. మొన్న నొక పెద్దమనిషి, పెండ్లికై హైదరాబాదు పోవుచు వారము దినములు తమ కుమారునికి ఫోనులో పాఠము చెప్పుమనెను. పెండ్లి చూచి రానిండని చెప్పి పంపితిమి.

అంతర్జాలము కూడ రేవువంటిదే, ఒక్కొక్కప్పుడు మూతపడును. 2022 మే 24 నాటి యల్లర్ల పిమ్మట మన జిల్లాలో కొన్ని దినములు ఆ సేవలు నిలిపివేయబడినవి. అవి వేసవి సెలవులగుటచే మాకు పాఠము తప్పలేదు గాని, హెచ్చరిక మాత్రము కలిగినది. అందుచే జూన్ మాసముననే లంకల పిల్లలకు రెండు వారములకు చాలు అభ్యాసపత్రములను కాగితముమీద ఇచ్చుచున్నాము.

లంకల తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంటి ఫోను తండ్రితో కొబ్బరితోటకు పోవునట్లయిన ఆ సంగతి మాకు ముందే తెలుపుడు. ఆ పిల్లల పాఠమును సాయంకాలమునకు మార్చుకొందుము. ఫోను లేనివారు సిగ్గుపడక చెప్పినచో, పొరుగింట ఇద్దఱు ముగ్గురు కలిసి వినునట్లు ఏర్పాటు చేయుదుము. మఱియు పిల్లలతో ఈ మాట మీరును చెప్పుడు: పాఠము నడుమ వినబడనప్పుడు, "మాస్టారూ, ఆగండి" అని అనవచ్చును. అందులో అమర్యాద లేదు.