బయోటిన్ లోపం – కోడిపిల్లల కాలేయంలో కొవ్వు
కొవ్వు ఆమ్లాల తయారీని ప్రారంభించే అసిటైల్ కో-ఎ కార్బాక్సిలేజ్ ఎంజైముకు బయోటిన్ అవసరం. అది లోపిస్తే కోడిపిల్లల కాలేయంలో కొవ్వు తగ్గాలి, విచిత్రంగా పెరుగుతుంది. బయోటిన్‌పైనే ఆధారపడిన పైరువేట్ కార్బాక్సిలేజ్ అంతకంటే ఎక్కువగా మందగించడమే ఇందుకు కారణం. గ్లూకోజు తయారీ కుంటుపడి, పైరువేట్ కొవ్వు వైపు మళ్లి కాలేయంలోను, మూత్రపిండాలలోను పేరుకుంటుంది. కొన్ని గంటలు మేత అందకున్నా రక్తంలో గ్లూకోజు పడిపోయి పిల్లలు హఠాత్తుగా మరణిస్తాయి.

మొక్కజొన్నలోని బయోటిన్ కోళ్లకు బాగా అందుతుంది. గోధుమలోనిది దాదాపు అందదు. మొక్కజొన్న పండే కామారెడ్డి జిల్లా పోచారం, ఎల్లారెడ్డి ప్రాంతాలలో అదే దాణాలో ప్రధానమైనంతవరకు ఈ ముప్పు తక్కువ. ధర పెరిగి గోధుమ చేర్చినప్పుడు మాత్రం దాణాలోని మొత్తం బయోటిన్‌ను కాక, అందే బయోటిన్‌ను లెక్కించి లోటును విటమిన్ మిశ్రమంతో పూరించాలి. మేత తొట్లు ఖాళీ కానీయరాదు.