ఆఫీస్ ఇన్‌స్టాల్ చేస్తుంటే కంప్యూటర్ హ్యాంగ్ అవుతోందా? పవర్ బటన్ నొక్కే ముందు ఇది వినండి

సూళ్లూరుపేట నుంచి మాట్లాడుతున్నా. ఈ వారం మెసేజీల్లో ఒకే ప్రశ్న తిరిగి తిరిగి వచ్చింది. "అన్నా, ల్యాప్‌టాప్‌లో ఎమ్మెస్ ఆఫీస్ వేస్తా ఉన్నా. తొంభై శాతం కాడ ఆగిపోయింది. మౌస్ కూడా కదల్లేదు. ఏం చేసేది?" అడిగినోళ్లలో ఎక్కువమంది డిగ్రీ, బీటెక్ ఆఖరి సంవత్సరం పిల్లలే. అన్ని పనులూ ఫోన్‌లోనే అయిపోతాయి కదా, ప్రాజెక్ట్ రిపోర్ట్ ఇవ్వాల్సిన తేదీ మెడ మీదకొచ్చాకే ల్యాప్‌టాప్ మూత తెరుస్తాం. అప్పుడే అది మొరాయిస్తుంది.

దీనికి జవాబు చెప్పే ముందు ఒక్కసారి పులికాట్ దాటి శ్రీహరికోటకి పోయొద్దాం. 2023 అక్టోబరు 21, శనివారం. గగన్‌యాన్ కోసం టీవీ-డీ1 అనే పరీక్ష. రాకెట్‌కి ప్రమాదం వస్తే మనుషులు కూర్చునే క్యాప్సూల్‌ని విడదీసి కాపాడే ఏర్పాటు పనిచేస్తుందా లేదా అని చూడ్డానికి పెట్టిన ప్రయోగం అది. పొద్దున 8 గంటలకి అనుకున్నారు, వాతావరణం బాగలేక 8:45కి జరిపారు. తీరా ఇంకో 5 సెకన్లు ఉందనగా కంప్యూటర్ కౌంట్‌డౌన్ ఆపేసింది. అప్పటి ఇస్రో చైర్మన్ సోమనాథ్ గారు వచ్చి రెండే మాటలు చెప్పారు. వాహనం భద్రంగా ఉంది, ఏం జరిగిందో చూసి చెబుతాం అని. చూశారు, సరిచేశారు, అదే రోజు 10 గంటలకి ఎగిరింది.

ఇప్పుడు ఇంకొంచెం వెనక్కి, 2001 మార్చి 28కి పోదాం. మొట్టమొదటి జీఎస్ఎల్వీ. అది లేవడానికి ఒక్క సెకను ముందు కంప్యూటర్ ఆపేసింది. చుట్టూ ఉన్న నాలుగు బూస్టర్లలో ఒకదానికి కావాల్సినంత బలం రాలేదు. అది ఎగిరింది ఏప్రిల్ 18న. టీవీలో చూసేవాళ్లకి రెండూ ఒకటే: "ఆగిపోయిందంట." కానీ ఒకటి గంటంపావులో తేలిన పని, ఇంకోటి మూడు వారాల పని. రెండిట్లోనూ ఎవరూ పోయి ఇగ్నిషన్ బటన్ మళ్లీ మళ్లీ నొక్కలేదు.

మన ల్యాప్‌టాప్ కాడ మనం చేసేది సరిగ్గా అదే. ఆగిందా, పవర్ బటన్ నొక్కు. మళ్లీ ఆన్ చెయ్, మళ్లీ సెటప్ మీద క్లిక్ చెయ్, మళ్లీ ఆగిందా, మళ్లీ నొక్కు. ఆగడం ఒక్కలాగే కనబడినా వెనక కారణాలు నాలుగైదు ఉంటాయబ్బా. ఏదో తెలియకుండా బటన్ నొక్కితే కొన్నిసార్లు బతికే దాన్ని కూడా చంపుకుంటాం.

మొదట తేల్చుకోవాల్సింది, హ్యాంగ్ అయ్యింది ఇన్‌స్టాలరా, మొత్తం కంప్యూటరా? కీబోర్డులో క్యాప్స్ లాక్ నొక్కండి. లైటు వెలిగి ఆరుతా ఉంటే లోపల విండోస్ ఇంకా బతికే ఉందని చాలావరకు నమ్మొచ్చు. అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. నెమ్మదిగా ఉన్న మెషీన్‌లో అది రావడానికే ఐదు నిమిషాలు పట్టొచ్చు, కాచుకోండి. వచ్చాక సీపీయూ, మెమరీ, డిస్క్, నెట్‌వర్క్ అని కాలమ్‌లు ఉంటాయి. మన డాక్టర్ రిపోర్ట్ అదే. అంకెలు అటూ ఇటూ కదులుతుంటే పని జరుగుతున్నట్టే. ఇన్‌స్టాలర్‌లో గీత కదలకపోయినా సరే.

నెట్‌వర్క్ కాలమ్ సున్నాకి దగ్గరగా ఉంటే? దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, మన పిల్లల్లో సగం కేసులు ఇవే అని నా అనుమానం. ఇప్పటి ఆఫీస్ పాతకాలం సీడీలాంటిది కాదు. మీరు డౌన్‌లోడ్ చేసేది చిన్న సెటప్ ఫైలు. దాన్ని క్లిక్ చేశాక అసలు సరుకంతా ఇంటర్నెట్ నుంచి దిగుతా, దిగుతానే ఇన్‌స్టాల్ అవుతుంది. ఈ పద్ధతి పేరు క్లిక్-టు-రన్. ఆ దిగేది చిన్న మూట కాదు, జీబీల్లో ఉంటుంది. మీరేమో ఫోన్ హాట్‌స్పాట్ మీద పెడతారు. రోజుకి ఒకటిన్నర, రెండు జీబీల ప్యాక్. పొద్దున్నుంచి రీల్స్ చూసి మిగిల్చింది ఎంత? సగంలో కోటా అయిపోతే స్పీడ్ 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. లెక్కేసుకోండి: సెకనుకి 8 కిలోబైట్లు. ఇంకా 2 జీబీ దిగాల్సి ఉంటే దాదాపు మూడు రోజులు. అది హ్యాంగ్ కాదు, తాబేలు నడక! ఇన్‌స్టాలర్ ఆ మాట మీకు చెప్పదు, గీత మాత్రం అట్లాగే నిలబడి ఉంటుంది.

దీనికి రెండు దారులున్నాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి లాగిన్ అయ్యి, ఇన్‌స్టాల్ ఆప్షన్లలో ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ అని ఉంటే దాన్ని ఎత్తుకోండి. పెద్ద ఫైలు, కానీ ఫ్రెండ్ ఇంట్లో వైఫై మీద ఒకసారి దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే మళ్లీ మళ్లీ పనికొస్తుంది. అది కుదరకపోతే అర్ధరాత్రి కోటా మారిన తర్వాత మొదలుపెట్టండి, ముందు సెట్టింగ్స్‌లోకి పోయి విండోస్ అప్‌డేట్‌ని ఓ వారం పాజ్ చేసి. లేదంటే మీరు నిద్రపోయాక మీ రెండు జీబీలూ అదే తినేస్తుంది.

విండోస్ అప్‌డేట్ మాట వచ్చింది కాబట్టి తొంభై శాతం సంగతి కూడా చెప్తా. వెనకాల అప్‌డేట్ నడుస్తుంటే ఆఫీస్ దాని కోసం కాచుకోని ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో చూడండి. అప్‌డేట్ సగంలో ఉంటే పవర్ బటన్ జోలికి అస్సలు పోవద్దు. ఆఫీస్ రాకపోతే మళ్లీ వేసుకోవచ్చు, సగం రాసిన విండోస్ మాత్రం రేపు ఆన్ కాకపోవచ్చు. అప్‌డేట్ పూర్తయ్యాక రీస్టార్ట్ చేసి మళ్లీ వెయ్యండి. ఇంకో వింత కారణం ప్రింటర్. నవ్వకండి, నిజం. సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్ అని ఒకటుంటుంది, దాన్ని స్టాప్ చేస్తే ఆగిపోయిన గీత కదిలిన సందర్భాలున్నాయి. మైక్రోసాఫ్ట్ వాళ్లే చెప్పిన చిట్కా ఇది. అయిపోయాక స్పూలర్‌ని మళ్లీ స్టార్ట్ చెయ్యడం మర్చిపోవద్దు, లేదంటే రిపోర్ట్ ప్రింట్ తీసే రోజు ఇంకో వీడియో అడుగుతారు మీరు.

కొత్త ల్యాప్‌టాప్‌లో ముందే ఓ ఆఫీస్ వేసి ఇస్తారు చూడండి, ట్రయల్ అని. దాన్ని తీసెయ్యకుండా ఇంకోటి వేస్తే రెండూ కొట్టుకుంటాయి. ముఖ్యంగా ఒకటి 32 బిట్, ఇంకోటి 64 బిట్ అయితే. పాతది అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేసి అప్పుడు వెయ్యండి. అన్‌ఇన్‌స్టాల్ కూడా మొండికేస్తే మైక్రోసాఫ్ట్ సైట్‌లో దానికోసమే ఒక టూల్ ఉంది.

ఇప్పుడు కష్టమైన కేసు. క్యాప్స్ లాక్ లైటు మారదు, మౌస్ కదలదు, లేదా టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వంద శాతం అని ఎర్రగా నిలబడి కదలనే కదలదు. ముందు ఖాళీ చూడండి. మైక్రోసాఫ్ట్ చెప్పే కనీస లెక్క ర్యామ్ 4 జీబీ, డిస్కులో 4 జీబీ ఖాళీ. నన్నడిగితే సీ డ్రైవ్‌లో పది జీబీ ఖాళీ లేకుండా మొదలుపెట్టొద్దు. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టి వేస్తా ఉంటే తీసి బల్ల మీద పెట్టండి, గాలి ఆడక వేడెక్కి బిగుసుకుంటుంది. యాంటీవైరస్ రెండు ఉంటే ఒకటి తీసెయ్యండి.

ఇవన్నీ చూశాక కూడా అదే చోట, అదే రకంగా ఆగుతుంటే అనుమానించాల్సింది హార్డ్ డిస్క్‌ని. రోజూ మీరు సినిమా చూసేటప్పుడు డిస్క్‌కి పెద్ద పని ఉండదు. ఆఫీస్ వేసేటప్పుడు వేల ఫైళ్లు కొత్త కొత్త చోట్ల రాయాలి. పాడైన చోటు తగిలిందంటే అక్కడ పదే పదే ప్రయత్నిస్తా కంప్యూటర్ మొత్తాన్ని ఆపేస్తుంది. తప్పు ఆఫీస్‌ది అనుకుంటాం, నిజానికి ఆఫీస్ వల్ల జబ్బు బయటపడింది. స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని టైప్ చెయ్యండి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ తెరవండి. హ్యాంగ్ అయిన టైముకి సోర్స్ డిస్క్ అని, నంబరు 7 అని కనబడితే డిస్క్‌లో పాడైన బ్లాక్ ఉందని అర్థం.

అది కనబడిందంటే ఆఫీస్ మాట పక్కన పెట్టండి. ఆ క్షణం నుంచి మీ పని ఒక్కటే, ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, రాసుకున్న రిపోర్ట్, అన్నీ పెన్‌డ్రైవ్‌లోకో గూగుల్ డ్రైవ్‌లోకో కాపీ చేసుకోవడం. ఇంట్లో పెళ్లి ఫోటోలు, పోయిన తాతయ్య వీడియో ఆ ఒక్క డిస్క్‌లోనే ఉన్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. చెక్‌డిస్క్ కొట్టమని ఎవరైనా చెబుతారు, కొట్టొచ్చు, కాపీ అయ్యాకే. జబ్బుపడిన డిస్క్‌తో గంటలు గంటలు పరిగెత్తించే పని అది. తర్వాత పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించుకోండి. ల్యాప్‌టాప్ మొత్తం మార్చే ఖర్చు తప్పొచ్చు.

ఒక విషయం కచ్చితంగా చెప్పాలి. పెన్‌డ్రైవ్‌లో ఎవరో ఇచ్చిన క్రాక్ ఆఫీస్, దాంతోపాటు యాక్టివేటర్, "ముందు యాంటీవైరస్ ఆపు" అనే కాగితం. అట్లాంటిది వేసి హ్యాంగ్ అయ్యిందని అడిగితే నా దగ్గర చిట్కా లేదు. అది లోపల ఏం చేస్తోందో ఎవరికీ తెలీదు. అదే మెషీన్‌లో మీ బ్యాంకు పాస్‌వర్డ్ కొడతారు.

రేపే సబ్మిషన్, ఇదంతా చేసే టైము లేదన్నా అంటారా? అప్పుడు ఇన్‌స్టాలే వద్దు. బ్రౌజర్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో వర్డ్ ఉచితంగా తెరుచుకుంటుంది, ఫోన్‌లో గూగుల్ డాక్స్ ఉంది. ల్యాప్‌టాప్‌లోనే కావాలంటే లిబ్రేఆఫీస్. ఉచితం, ఫైలు నాలుగు వందల ఎంబీ లోపే కాబట్టి ఒకరోజు డేటాలో దిగిపోతుంది. మెనూలు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు. వర్డ్‌లో చేసిన ఫైలు ఇందులో తెరిస్తే పేజీలు కొంచెం అటూ ఇటూ జరుగుతాయి, ముఖ్యంగా పట్టికలున్న చోట. అందుకని కాలేజీకి పంపేది పీడీఎఫ్ చేసి పంపండి. తెలుగు అక్షరాలుంటే పంపే ముందు ఆ పీడీఎఫ్‌ని ఒకసారి ఫోన్‌లో తెరిచి, ఒత్తులు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోండి.