అమ్మ గడప బయటే నిలబడితే అంగన్‌వాడి మనదెట్లయితది?

"ఈ వాడోళ్లకు పిల్లల చదువు మీద సోయి లేదు. మీటింగు పెడితే ఒక్క తల్లి రాదు." అంగన్‌వాడీల గురించి మాట్లాడేటప్పుడు తరచూ వినబడే మాట ఇది. దీన్ని తిరగేసి చూడాలంటున్నాం మేము. తల్లి రాలేదా? లేక ఆమె రాగలిగే తీరుగా మనం పిలవలేదా?

ఖిలా వరంగల్‌నే తీసుకుందాం. బయటివాళ్లకు ఈ కోటంటే నాలుగు కీర్తితోరణాలు, ఖుష్‌మహల్. కానీ ఈ గోడల నడుమ ఇప్పటికీ ఇండ్లున్నాయి, పొలాలున్నాయి, పిల్లలున్నారు. కాకతీయుల చరిత్ర రాజుల పేర్లు చెప్పింది గాని రాళ్లు మోసినవాళ్ల పేర్లు చెప్పలేదు. చిన్నపిల్లల చదువులోనూ జరుగుతున్నదదే. పిల్లను సాకినవాళ్లను లెక్కలోకి తీసుకోకుండా పిల్లకు చదువు చెప్పాలనుకుంటున్నాం.

కూలికి పోయే తల్లి పొద్దున పోయి పొద్దుగూకినంక వస్తది. పదకొండు గంటలకు మీటింగు పెడితే, ఆమె రావడానికి ఒక రోజు కూలి పోగొట్టుకోవాలి. దాన్ని నిర్లక్ష్యమనడం కడుపు నిండినోళ్ల చూపు.

రెండో అడ్డు కులం. బడి గడప మనకు ఎన్నడూ మామూలు గడప కాదు. అంబేద్కర్ ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చుని చదివాడు. నిజాం రాజ్యంలో భాగ్యరెడ్డి వర్మ 1910లో హైదరాబాదులో దళిత పిల్లల కోసం బడి తెరవవలసి వచ్చింది. తరాలుగా బయట నిలబెట్టిన మనుషులు ఒక్క కబురుకే లోపలికి వచ్చి కూర్చోరు.

అందుకని మొదటి అడుగు టీచరే వెయ్యాలి. సాయంత్రం పూట వాడకు పోవాలి. అరుగు మీద కూర్చోవాలి. ఇచ్చిన మంచినీళ్లు తాగాలి. మాదిగింట్ల తాగిన ఆ గ్లాసెడు నీళ్లు పది ఉపన్యాసాల పెట్టు. పోయి నీతులు చెప్పొద్దు, అడగాలి: "మీ బిడ్డ ఇంట్ల ఏం ఆట ఆడుతది? దేనికి భయపడ్తది?" ఫిర్యాదుతో కాదు, పిల్ల చేసిన మంచి పనితో మాట మొదలుపెట్టాలి. తండ్రినీ, అవ్వనూ, తాతనూ పలకరించాలి.

రెండోది భాష. పిల్ల 'ఆలుగడ్డ' అంటే 'బంగాళాదుంప' అని దిద్దితే, తప్పుబట్టింది పిల్లను కాదు, ఇంట్ల ఉన్న తల్లిని. రెండు మాటలూ ఉండనివ్వాలి. డప్పు దెబ్బలతో లెక్క నేర్పొచ్చు. అవ్వ చెప్పే కథ కేంద్రంలో వినిపించొచ్చు. తనకు తెలిసింది కూడా చదువేనని తెలిసినప్పుడు ఆ అవ్వ తనంతట తానే వస్తది.

మూడోది అన్నం. 2015లో తెలంగాణలో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణులకూ బాలింతలకూ కేంద్రంలోనే ఒక పూట భోజనం పెట్టాలన్నది. అంటే తల్లులు వచ్చే వేళ ఒకటి ముందే ఉన్నది. ఆ వేళను రిజిస్టరులో సంతకాలకే కాక పిల్లల ముచ్చటకు వాడుకోవాలి. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు ఎవరికి వడ్డించారు అన్నది టీచరు కనిపెట్టి చూడాలి. బంతిలో ఎడం పాటిస్తే పిల్లలు మొదట నేర్చుకునే పాఠం అదే.

నాలుగోది హక్కు. అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న మొదలైన ఐ.సి.డి.ఎస్. పథకంలోవి. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని పల్లెకైనా మురికివాడకైనా, అడిగిన మూడు నెలల్లోగా కేంద్రం ఇవ్వాలని 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు చెప్పింది. దళిత, ఆదివాసీ వాడలకు ముందు ప్రాధాన్యం ఇమ్మన్నది. ఈ సంగతి తల్లులకు చెప్పాలి. కుటుంబం పాలుపంచుకోవడమంటే పిలిస్తే వచ్చి కూర్చోవడం మాత్రమే కాదు, గుడ్డు ఎందుకు రాలేదని అడగడం కూడా.

ఇంత భారం గౌరవ వేతనం మీద పనిచేసే ఒక్క ఆడమనిషి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. ఆమె కూడా చాలాసార్లు మన బతుకుల నుంచి వచ్చినదే. వాడలో సాయంత్రం కూర్చునే పనిలో విద్యార్థులు, కార్యకర్తలు ఆమెకు తోడు కావాలి. తల్లి గడప దాటి లోపలికొచ్చిన నాడే అది మన బడి అయితది.