లక్ష్మమ్మ కెమెరా చూపు

మన ఇళ్లల్లో శుభకార్యమైతే ఫొటోలు తీసేదెవరు? మగవారేగా! దోమ నుంచి వికారాబాద్ వచ్చి బీదరు రైలెక్కితే జహీరాబాద్ వస్తుంది. ఆ పల్లెల్లో కూలికి వెళ్లే దళిత స్త్రీలే కెమెరా పట్టారు. హుమ్నాపూర్ లక్ష్మమ్మ వారిలో ఒకరు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లో, చదువు రానివారు కూడా వీడియో తీయడం నేర్చుకున్నారు.

పేర్లూ వారే పెట్టుకున్నారు. పైనుంచి కిందికి తీస్తే ‘పటేల్ షాట్’. దొర కూలీని చూసే చూపన్నమాట. కిందినుంచి పైకి తీస్తే అది బానిస చూపు. ఎదురెదురుగా, సమానంగా తీస్తే ‘సంఘం షాట్’!

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక, వరంగల్ చేలకు వెళ్లి నష్టపోయిన రైతుల గోడును చిత్రించింది వీరే.

మరి మన పనిమనిషితో మాట్లాడేటప్పుడు మనది ఏ షాటో, ఒక్కసారి ఆలోచించండి.