తల్లిపాలలో బయటపడిన బ్రోమిన్ జాడ

స్వీడన్ రాజధానియగు స్టాక్‌హోమ్‌లో, బాలింతలు తమ బిడ్డలు త్రాగగా మిగిలిన పాలను ఇతర శిశువులకై యిచ్చు కేంద్రమొకటి యుండగా, అచ్చటి పాలను 1972 మొదలుకొని యేండ్ల తరబడి గడ్డకట్టించి భద్రపరచిన శాస్త్రజ్ఞుల దూరదృష్టిని ఎంత శ్లాఘించినను తక్కువే. ఆనాడు వారి దృష్టియంతయు డి.డి.టి., పి.సి.బి. అను విషద్రవ్యముల మీదనే యుండెను. సోఫా దిండ్లకును, టీవీ పెట్టెలకును, బట్టలకును నిప్పు వేగముగా అంటకుండుటకై కలిపెడు పి.బి.డి.ఇ.లు అను బ్రోమిన్ ద్రవ్యములను ఆ పాలలో వెదకవలెనని ఎవ్వరికిని తోచలేదు. 1981లో, బట్టల మిల్లుల నడుమ ప్రవహించు విస్కాన్ నది చేపలలో ఇవి కనబడెను. 1990ల చివర కోయిదు నోరెన్, డైవా మెయిరోనితె అను పరిశోధకులు నిలువయున్న పాలను పరీక్షింపగా, 1972లో గ్రాము కొవ్వునకు 0.07 నానోగ్రాములుగా నున్న పి.బి.డి.ఇ.లు 1997 నాటికి 4.02కు పెరిగినవనియు, సుమారు అయిదేండ్ల కొకమారు రెట్టింపగుచు వచ్చినవనియు తేలెను. అదే కాలమున, అవే పాలలో, డి.డి.టి.యు పి.సి.బి.లును తగ్గుచుండెను!

నానోగ్రామనగా గ్రాములో వందకోట్లవ వంతు. ఇంత సూక్ష్మమును తూచు విధము తెలియదగినది. ఈ ద్రవ్యములు కొవ్వునంటి యుండును గనుక లెక్కను కొవ్వు తూకము మీదనే కట్టుదురు. ఏలయన బిడ్డ కుడుచునపుడు మొదట వచ్చు పాలకన్న తుదను వచ్చు పాలలో వెన్న హెచ్చు, హెరింగ్ చేపకును కాడ్ చేపకును కొవ్వులో ఎంతో భేదము. మెత్తగా నూరిన చేపకండలోనికి గాని పాలలోనికి గాని, భారమైన కార్బన్‌తో చేసిన అదే ద్రవ్యమును తెలిసిన మోతాదున ముందుగానే కలుపుదురు. దారిలో దానిలో ఎంత నష్టపడినదో చూచి, అసలుదానిలో పోయినదెంతయో గణింతురు. పిమ్మట కొవ్వును ద్రావకముతో రాబట్టి, గాఢ గంధకామ్లముతో నశింపజేయుదురు, పి.బి.డి.ఇ.లు ఆ ఆమ్లమునకు చెక్కుచెదరవు. చివరకు గ్యాస్ క్రొమటోగ్రాఫ్ వానిని విడదీయగా, మాస్ స్పెక్ట్రోమీటరు బ్రోమిన్‌ను గుర్తించును: 79, 81 తూకములుగల పరమాణువులు ప్రకృతిలో దాదాపు సరిసమానముగా నుండుటచే ఆ రెండు గుర్తులును జంటగా లేచును.

అయితే నా మట్టుకు అన్నిటికన్న కష్టమైన పని మరియొకటి. ప్రయోగశాలలోని కుర్చీ, కంప్యూటరు, గాలిలోని ధూళి, అన్నిటను ఇవే ద్రవ్యములుండవచ్చును. కావున పాలుగాని చేపగాని లేకయే ఒక గాజుపాత్రకు ఆద్యంతము అదే తంతు జరిపి, దానిలో కనబడినదానిని గది దోషముగా ఎంచవలెను. పి.బి.డి.ఇ.లలో పది బ్రోమిన్లుగల డెకా వెలుతురునకు విరిగిపోవును గనుక గోధుమరంగు సీసాలు తప్పవు.

2003లో టెక్సాస్ తల్లుల పాలలో ఐరోపాకన్న పది నుండి నూరు రెట్లు పి.బి.డి.ఇ.లు కనబడుటకు తల్లులు తిన్న చేపలు మాత్రమే హేతువు కావు. అమెరికా గృహోపకరణముల నురుగుదిండ్లనుండి రాలిన ధూళియే ముఖ్యకారణమని పిదప తేలెను. ఇంతమాత్రమున చంటిబిడ్డకు చన్ను మాన్పింపరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లిపాలనే నేటికిని శ్రేష్ఠమనుచున్నది. మార్పు రావలసినది కర్మాగారమున. ఐరోపా సమాఖ్య 2004లో పెంటా, ఆక్టా అను పి.బి.డి.ఇ. మిశ్రమములను నిషేధించెను. 2009లో ఇట్టి విషద్రవ్యములపై అంతర్జాతీయ ఒప్పందమగు స్టాక్‌హోమ్ ఒడంబడిక వానిని, 2017లో డెకాను తన నిషిద్ధ పట్టికలో చేర్చెను. స్వీడన్ తల్లులపాలలో పి.బి.డి.ఇ.లు తగ్గుముఖము పట్టినవి.