జీవరసాయనం చదివే అమ్మాయి



మా అమ్మాయి ఇంటర్మీడియట్‌లో బైపీసీ తీసుకుంది. మెడిసిన్ సీటు అందలేదు. నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు. ఐదో రోజు పొద్దున్నే లేచి, బి.ఎస్సీ.లో బయోకెమిస్ట్రీ చేరతానంది. మా ఆడపడుచు ఆ మాట విని, "అయితే ఇక డాక్టరు కాదన్నమాట. అదేం చదువు వదినా?" అని అడిగింది. నేనేం చెప్పను? పదో తరగతితో చదువాగిపోయినదాన్ని. ఏదో మందుల చదువులే అని తప్పించుకున్నాను.

ఇప్పుడు అమ్మాయికి బి.ఎస్సీ. అయిపోయింది. వేరే ఊళ్ళో యూనివర్సిటీ హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదువుతానంటోంది. ఇటు చూస్తే మంచి సంబంధం ఒకటి వచ్చింది. పంపాలా వద్దా అని ఇంట్లో రోజూ చర్చే. అసలు ఆ చదువేమిటో తెలియకుండా వద్దనడం న్యాయం కాదనిపించి, దాన్నే కూర్చోబెట్టి అడిగాను. నాకు బోధపడినంత మీకూ చెబుతాను.

బయోకెమిస్ట్రీ అంటే జీవరసాయన శాస్త్రం. ప్రాణమున్న శరీరం లోపల జరిగే రసాయన మార్పుల చదువు. తిన్న అన్నం రక్తంలో చక్కెరగా ఎలా మారుతుంది, ఆ చక్కెరలోంచి కాలూ చెయ్యీ ఆడే శక్తి ఎలా పుడుతుంది, ఇవీ అందులో పాఠాలు. మనం పరగడుపున వెళ్ళి రక్తమిచ్చి వస్తామే, ఆ కాగితంమీద ఉండే షుగరు, కొలెస్టరాల్, క్రియాటినిన్ అంకెలన్నీ ఈ శాస్త్రం చలవే.

మొదటి సంవత్సరం ప్రయోగాలు వింటే నాకు నవ్వొచ్చింది. పాలల్లో ఆమ్లం చుక్కలు వేసి కేసీన్ అనే మాంసకృత్తుని విడదీస్తారట. నిమ్మకాయ పిండి పాలు విరగ్గొట్టడం మనకు తెలియనిదా? ఇంకొకటి వినండి. అన్నం ముద్ద మింగకుండా నములుతూ ఉంటే కాసేపటికి తియ్యగా అవుతుంది. లాలాజలంలోని ఎంజైము గంజిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టడమే దానికి కారణం. పలచటి గంజిలో అయొడిన్ చుక్క వేస్తే నీలం రంగొస్తుంది. అదే గంజిలో ముందుగా లాలాజలం కలిపి, ఒంటి వేడిలో, అంటే 37 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి అయొడిన్ వేస్తే ఆ నీలం రాదు. లాలాజలాన్ని మరిగించి కలిపారో, మళ్ళీ నీలమే! వేడికి ఎంజైము పాడైపోతుంది.

"మరిగే పాలల్లో తోడు వేస్తే పెరుగు తోడుకోదు, అలాగేనా?" అన్నాను గొప్పగా. "కాదమ్మా, అక్కడ చచ్చిపోయేవి సూక్ష్మజీవులు, ఇక్కడ చెడేది ఎంజైము" అని దిద్దింది. కూతురిచేత దిద్దించుకోవడం కూడా బాగానే ఉంటుంది లెండి.

ఫాస్ఫరస్‌ను కొలిచే ప్రయోగం ఒకటుంది. దాని పేరు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. అందులోని సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1925లో అచ్చయిన ఆ పద్ధతిని బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఈనాటికీ నేర్చుకుంటున్నారు. ఆయన 1930లో హార్వర్డ్‌లో డాక్టరేటు తీసుకున్నారు. తర్వాత అమెరికాలోని లెడర్లే సంస్థలో ఆయన నడిపిన బృందమే 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. కడుపుతో ఉన్నప్పుడు ఆస్పత్రిలో మనచేత మింగించే ఫోలిక్ మాత్ర అదే.

ఇక ఆడవాళ్ళ సంగతి. బొంబాయి యూనివర్సిటీలో డిగ్రీ చేసిన కమలా భాగవత్ అనే అమ్మాయి 1933లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు దరఖాస్తు పెట్టింది. డైరెక్టరు సర్ సి.వి. రామన్. అప్పటికే నోబెల్ బహుమతి అందుకున్న మహానుభావుడు. ఆడపిల్లను చేర్చుకోనన్నారు. ఆమె ఊరుకోలేదు. ఎందుకు చేర్చుకోరని నిలదీసింది. చివరికి ఒక ఏడాది పరీక్షగా చూస్తామన్న షరతుమీద చేర్చుకున్నారు. మగపిల్లలకు లేని షరతు! ఆమె అక్కడ పాలల్లో, పప్పుధాన్యాల్లో ఉండే మాంసకృత్తులమీద పనిచేసింది. రామన్‌గారికి నమ్మకం కుదిరింది. ఆ తర్వాత ఆమె కేంబ్రిడ్జి వెళ్ళి 1939లో డాక్టరేటు తెచ్చుకుంది. ఆమె రాసిన సిద్ధాంతగ్రంథం నలభై పేజీలేనట.

పెళ్ళయ్యాక కమలా సోహొనీగా బొంబాయిలో బయోకెమిస్ట్రీ చెబుతూ, పచ్చి పప్పుల్లో మాంసకృత్తులను అరగనివ్వని పదార్థాల గురించి పరిశోధించారు. ఉడికిస్తే వాటి ప్రభావం బాగా తగ్గుతుంది. పప్పు మెత్తగా ఉడకాలని మన అత్తగార్లు పోరేది ఊరికే కాదు. నీరాలో, తాటిబెల్లంలో ఉన్న పోషకాలనూ ఆవిడ పరిశీలించారు. అంతకుముందు ఆవిడ ఉద్యోగం చేసిన కూనూరు పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే. ఆ దారిన ఎన్నిసార్లు బస్సులో వెళ్ళానో, లోపల ఏముందో ఏనాడూ అడగలేదు.

ఉద్యోగాల మాట కూడా చెప్పాలి. బి.ఎస్సీ.తో ఆగిపోతే పెద్ద జీతం ఆశించలేం. ఎమ్మెస్సీ చేస్తే మందుల కంపెనీలు, ఆస్పత్రుల ప్రయోగశాలలు, కాలేజీ పాఠాలు ఉన్నాయి. పరిశోధనకు వెళ్తే మరో ఐదారేళ్ళు పడుతుంది. ఓపిక లేని పిల్లలకు ఈ చదువు వద్దనే అంటాను. మా దానికి ఓపిక ఉంది. మూడేళ్ళూ చూశాను.

మా ఆడపడుచుకు ఇదంతా చెప్పాను. "అంతా బాగానే ఉంది గానీ వదినా, హాస్టల్లో తిండో?" అంది. దానికి నా దగ్గరా జవాబు లేదు. రెండేళ్ళు ఆగగలరేమో అడగమంటే మావారు సంబంధంవాళ్ళకు ఫోను చేశారు. ఆలోచించి చెబుతామన్నారట. దరఖాస్తు రుసుము మాత్రం నిన్ననే కట్టేశాం.